ఓడమామ్మకు కొవ్వొత్తి

మా ఇంట్లో మొండికేసిన ఆడపిల్లకి ఒకటే తిట్టు: "అచ్చం ఓడమామ్మే." అన్నం దగ్గర అలిగినా అదే, వచ్చిన సంబంధం వద్దన్నా అదే. నాకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా మేనత్త చేపలు తోముతున్నదల్లా చెయ్యి ఆపి, "ఇంకేం, ఓడమామ్మ దగ్గరికే పోతన్నావు" అంది.

ఓడమామ్మ మా మామ్మకి నాయనమ్మ. కాకినాడలో ఒక దొరగారింట్లో ఆయా. చంటి కొడుకుని చెల్లెలి చేతిలో పెట్టి, దొరసాని పిల్లల్ని ఎత్తుకుని ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చింది. మళ్ళీ ఊరి మొహం చూడలేదు. ఎవడితోనో లేచిపోయిందని ఊరు తేల్చేసింది. దొరసాని ఆవిణ్ణి మెల్‌బోర్న్‌లో పనిలోంచి తీసేసి తన దారిన తను పోయిందనీ, ఆడవాళ్ళ శరణాలయంలో బట్టలుతుక్కుంటూ బతుకుతోందనీ తర్వాతెప్పుడో తిరిగొచ్చిన ఇంకో ఆయా చెప్పింది. ఆ మాట మా మామ్మ తప్ప ఎవరూ నమ్మలేదు. లేచిపోయిన కథలో ఉన్న రుచి బట్టలుతికే కథలో ఎక్కడిది?

మేము క్రైస్తవులం. ఏటా నవంబరులో సమాధుల పండగకి మావాళ్ళ సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, పొద్దు వాలాక కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఓడమామ్మకి సమాధీ లేదు, ఆమె పేరున ఒక వత్తి వెలిగిద్దామనే మనిషీ లేదు. మా మామ్మ పోయేముందు కోడలైన మా అమ్మ చెయ్యి పట్టుకుని, ఆవిడెక్కడుందో తెలిస్తే ఒక్క కొవ్వొత్తి వెలిగించమని మాట తీసుకుంది.

ఆ అమ్మ కిందటేడు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఇంటికి వచ్చింది. మోకాళ్ళు పాడయ్యాయి. విమానం దిగుతూనే, "ఇదే ఆఖరు రావటం పాపా, ఇంక నావల్ల కాదు" అంది. అమ్మ వెళ్ళిపోయేలోగా ఓడమామ్మ ఎక్కడుందో తేల్చాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది. అది ఇలాంటి పనులకు బాగా పనికొస్తుంది.

ఉతుకుడు పనితో నడిచిన శరణాలయాలు ఆ కాలంలో ఇక్కడ కొన్ని ఉండేవి. ఒకదాని పాత కాగితాలు చూసే పెద్దావిడకి ఫోన్ చేసి, మా మేనత్తలు చెప్పిన పేరిచ్చాను. ఓపిగ్గా వెతికింది. లేదంది. మిగిలిన చోట్లా అడిగాను. లేదన్నారు. మళ్ళీ మొదటావిడ దగ్గరికే వెళ్ళి ఇంకోసారి చూడమన్నాను. చూసి, "మీవాళ్ళు చెప్పుకున్నది నిజం కాకపోవచ్చు కదా" అంది, నొప్పించకుండా. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఊరి మాటే గెలిచేలా ఉందే అని ఏడుపు.

ఆ వారమే మోకాళ్ళు చూపించడానికి అమ్మని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నేను కారు పెట్టి వచ్చేసరికి రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వాపుకుంటోంది. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలంటే అమ్మ "డాటర్" అందట. పేరేమిటంటే మళ్ళీ "డాటర్" అందట. ఎన్నిసార్లడిగినా అంతే.

కారెక్కాక విరుచుకుపడ్డాను. "కన్నకూతురి పేరు చెప్పడానికి నోరు రాలేదా అమ్మా? డిమెన్షియా అనుకుని ఇంకో టెస్ట్ రాస్తారు!"

"నీ పేరు మా అత్తగారి పేరే గదే. అత్తగారి పేరు నోటితో ఎలా అంటాను? అందుకే గదా నిన్ను పాపా అంటాను."

"అత్తగారు పోయి ఎన్నేళ్ళయింది!"

"పోతే మాత్రం అత్తగారు కాకుండా పోద్దా? మీ మామ్మనీ వాళ్ళమ్మ చిట్టీ అనే పిలిచేది. ఆవిడకీ కూతురి పేరు అత్తగారి పేరేగా."

నేను కారు స్టార్ట్ చేయబోయి ఆగాను. మామ్మ తల్లికి అత్తగారంటే ఓడమామ్మ.

"మరి అత్తయ్యలు చెప్పిన పేరు?"

"అది ఊళ్ళో ముద్దుగా పిలిచిన పేరు. గుళ్ళో బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు నీదే. నువ్వు పుట్టినప్పుడు మీ మామ్మ నా ఒక్కదానికే చెప్పింది."

"ఇన్నాళ్ళూ నేను తల బద్దలుకొట్టుకుంటుంటే చెప్పవేం?"

"నన్నడిగావా? మీ అత్తల్నడిగావు, కంప్యూటర్నడిగావు."

కార్లోంచే ఆ మొదటావిడకి ఫోన్ చేసి పేరు చెప్పాను. అవతల పెద్దావిడ, "అది మీ పేరు కదమ్మా, నాక్కావలసింది ఆవిడ పేరు" అంది. "ఆవిడదీ అదే, కాకినాడ, అప్పటి మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి" అన్నాను. బైబిల్లో పేరు కాబట్టి ఇక్కడి ఆడవాళ్ళ పేర్లలో కలిసిపోయి ఉంది. సాయంత్రానికి తనే ఫోన్ చేసింది. ఓడమామ్మ పోయేదాకా ఆ ఉతుకుడింట్లోనే ఉంది. ఊళ్ళో కొడుకున్నాడని, పంపించమని అడిగేదట. పంపించేవాళ్ళు లేకపోయారు. అక్కడి ఆడవాళ్ళందరితో పాటు ఒకే చోట పూడ్చారు, ఆ రాయి మీద పేరుంది.

అమ్మకి చెప్పాను. "లేచిపోయిందన్నారు దొంగ సచ్చినోళ్ళు" అంది. అమ్మ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

ఆ శనివారమే వెళ్ళాం. గాలి కొడుతోంది. కొవ్వొత్తి ఆరిపోకుండా ఖాళీ కాఫీ సీసా తెచ్చాను. అమ్మ రాయిని చీర కొంగుతో తుడిచి, "సున్నమైనా వెయ్యలేదు, ఏం దేశమో" అని సణిగింది. రాయి మీద వరసగా పేర్లు. నా పేరు మీద వేలు పెట్టి చూపించాను. అమ్మ మోకాళ్ళ మీద కూర్చోలేక నా భుజం పట్టుకుని వంగి వత్తి వెలిగించింది. ప్రార్థన మొదలుపెట్టి, పేరు దగ్గర ఆగిపోయింది. ఎవరికోసమో చెప్పకపోతే ప్రార్థన ముందుకు సాగదు.

పెదవులు రెండుసార్లు కదిలాయి. తర్వాత గట్టిగానే పలికింది, మూడక్షరాలూ.

నేను పుట్టినప్పటినుంచీ అమ్మ నోట ఆ పేరు వినలేదు. నాకు తెలియకుండానే "ఆఁ అమ్మా" అన్నాను.