ఒకే బండికి రెండు సర్వీసింగులు

ఆ రోజుల్లో కుర్రాళ్లకు అలసట తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇరవై దాటీ దాటకముందే నేను బాగా అలసిపోయి ఉన్నాను. పని వల్ల కాదు, ఎవరి మాటా కాదనలేకపోవడం వల్ల. కొందరికి పుట్టుకతో మంచి గొంతు వస్తుంది, కొందరికి పొడుగు వస్తుంది, నాకు 'సరే' అనే మాట వచ్చింది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి రెండు రకాలుగా చెబితే ఇద్దరికీ సరే అనేసి, ఆ రెండు పనులూ నెత్తినేసుకుని, రాత్రికి నడుం పట్టుకుని పడుకునేవాణ్ణి. (ఇప్పటికీ అంతే. కాకపోతే ఇప్పుడు నడుం పగలే పట్టేస్తోంది.) ఈ గుణం వల్ల నేను పడ్డ పాట్లు ఇంట్లో వాళ్లకు తెలిసినవే. నా మోటార్ సైకిల్ పడ్డ పాట్లు మాత్రం ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

అప్పుడు నేను ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరాను. ఆఫీసు కామారెడ్డిలో, ఇల్లు ఎల్లారెడ్డిలో. పొద్దున్నే బయలుదేరి ఆఫీసులో ముఖం చూపించి, అక్కడి నుంచి ఒక రోజు గాంధారి తండాలకు, ఇంకో రోజు బిచ్కుంద వైపు పొలాలకు తిరగాలి. మొలక సరిగా రాలేదని గాంధారిలో తెలుగులోనూ, బిచ్కుందలో మరాఠీలోనూ తిట్టేవారు. రెండింటికీ నా సమాధానం తెలుసు కదా, సరే. బండి లేనివాడికి ఈ ఉద్యోగం లేదని మేనేజర్ మొదటిరోజే తేల్చి చెప్పడంతో మా నాన్న (మాకు బాపు) సంతకంతో అప్పుచేసి కొత్త బండి కొన్నాం. షోరూంలో ఒకాయన ఉండేవాడు. కామారెడ్డి ఎండల్లో కూడా మెడకు టై బిగించుకుని చెమటలు కక్కుతూ తిరిగేవాడు కనుక నేను మనసులో టై అన్న అని పేరు పెట్టుకున్నాను. ఆయన తాళంచెవి చేతిలో పెడుతూ, ఆయిల్ ఎప్పుడు మార్పించినా తమ దగ్గరే మార్పించాలని, బయట ఎవడైనా బోల్టు విప్పాడని తెలిస్తే వారంటీ సంగతి మరిచిపోవాలని మెత్తగా హెచ్చరించాడు. నేను సరే అన్నాను.

ఇంటికి వస్తే బాపు. మా బాపు ఊళ్లో ఒక పటేల్ దగ్గర ఏళ్ల తరబడి ట్రాక్టర్ నడిపాడు. నడపడమే కాదు, దాని ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు అన్నీ తనే చూసుకునేవాడు. ఆ ఎండాకాలమే పటేల్ పాత ట్రాక్టర్ అమ్మేసి కొత్తది కొన్నాడు. దానికి కంపెనీవాళ్లే వ్యానులో వచ్చి సర్వీసింగ్ చేస్తారట, ఇంకెవరూ ముట్టుకోకూడదట. నడపడానికి పటేల్ మేనల్లుడున్నాడు. బాపు తన పానాల డబ్బా తీసుకుని ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వారాల తరబడి పెద్దగా మాట్లాడింది లేదు. అలాంటి మనిషి నా కొత్త బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద కూర్చుని ఇంజన్ కింది బోల్టును వేలితో తడిమి, ఉన్నట్టుండి ఇంత పొడుగు మాట మాట్లాడాడు. "దీని నూనె నేనే మారుస్త. గా షోరూమోళ్లు మనల్ని అద్దం ఇవుతల కూసుండబెడ్తరు. పాత నూనె తీసిండ్రా లేదా ఎవ్వలు చూసిండ్రు? మన బండి, మన చెయ్యి." నేను ఏమన్నానో మళ్లీ రాయాలా?

అలా ఇరుక్కున్నాను. బాపు చేతికి ఇస్తే వారంటీ పోతుంది. రేపు ఇంజన్‌కేదైనా అయితే బాగు చేయించే స్తోమత లేదు, బండి ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. ఇవ్వనంటే, పటేల్ చేసిన పనే నేనూ చేసినట్టు. ఆ అరుగు మీద కూర్చున్న మనిషిని చూస్తే నాకు నిజంగా దుఃఖం వచ్చేది. అందుకని, కాదనడం చేతకాని బుర్రకు తట్టే ఒకే ఒక్క ఉపాయం పన్నాను. శుక్రవారం ఆఫీసు పని మధ్యలో షోరూంలో ఆయిల్ మార్పించేవాణ్ణి. ఆదివారం ఇంటి ముందు, ఏమీ తెలియనట్టు, అదే ఆయిల్‌ను బాపుతో మళ్లీ మార్పించేవాణ్ణి.

షోరూం శుక్రవారాలను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు నొప్పులొస్తాయి. గంటలో అయిపోతుందని టై అన్న ప్రతిసారీ చెప్పేవాడు. అద్దం ఇవతల, ఇనుప కుర్చీల్లో, శబ్దం రాని టీవీని చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చునేవాణ్ణి. అసలు కష్టం ఆ తర్వాత మొదలయ్యేది. వాళ్లు బండిని నురగ పెట్టి కడిగి, పాలిష్ పూసి, పెళ్లికొడుకులా తయారుచేసి ఇచ్చేవారు. ఆ మెరుపుతో ఇంటికి వెళ్తే బాపు కళ్లు ఊరుకుంటాయా? అందుకని ఎల్లారెడ్డి ఇంకా కాస్త దూరం ఉందనగా బండి ఆపి, తర్వాతి సర్వీసింగ్ ఎప్పుడో చెప్పే స్టిక్కర్‌ను గోళ్లతో గీకి పారేసేవాణ్ణి. వానాకాలమైతే రోడ్డు పక్క గుంటలో బండిని అటూ ఇటూ తిప్పితే సరిపోయేది. ఎండాకాలం తాగే నీళ్ల సీసాను మట్టిలో ఒంపి, పిసికి, కొత్త బండికి ముద్దలు ముద్దలుగా విసిరేవాణ్ణి. దారిన పోయే ఒక ముసలాయన ఆగి, ఎవరి మీద కోపం బిడ్డా అని అడిగాడు కూడా. ఏం చెప్పను? డబ్బులిచ్చి కడిగించుకున్న బండికి బురద పూసుకోవడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకునేవాణ్ణి.

ఆదివారం పొద్దున బాపు ఉత్సాహం చూడాలి. తలకు తువ్వాల చుట్టుకుని, గోనెసంచి పరిచి, కింద పాత బేసిన్ పెట్టి, ఇంజన్‌ను కాసేపు వేడెక్కనిచ్చి బోల్టు విప్పేవాడు. మొదటిసారి ఆ ఆయిల్ ధార చూసి పానా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రెండు రోజుల కిందట పోసిన ఆయిల్ కదా, బంగారం రంగులో మిలమిలలాడుతోంది. బాపు వేలు ముంచి, రుద్ది, ఎండకు పెట్టి చూసి, నన్ను కాకుండా వీధిలో వాళ్లను పిలిచాడు. "చూడుండ్రి. మూడు నెలలు తిరిగిన నూనె గిది. మంచినూనె లెక్కనే ఉన్నది. నడిపే తీరు, చూసుకునే తీరు మంచిగుంటే ఇంజన్ల మసే పుట్టది." వాడకట్టంతా వంగి బేసిన్‌లోకి చూసింది. మా అవ్వ ఒక్కతే పెదవి విరిచింది. ఆవిడకు కావలసింది కాలిన నల్లటి నూనె. కొట్టంలో గుంజలకు చెదలు పట్టకుండా పూద్దామని ఎన్నాళ్లుగానో కాచుకుని ఉంది. "గిది పూస్తే చెదలు పోవు కొడుకా, ఇంకిన్ని దగ్గరికొస్తయి," అని బేసిన్‌ను కాలితో అవతలికి నెట్టింది.

ఆ బేసిన్ ముందు అందరికంటే ఎక్కువసేపు వంగినవాడు కిరాణం అన్న. మా సందు మొదట్లో కొట్టు ఆయనది. ఆయనకో పాత బండి ఉంది. మరుసటి వారమే దాన్ని నెట్టుకొచ్చి బాపు ముందు పెట్టాడు. బోల్టు విప్పితే తారు కారినట్టు కారింది. (అవ్వ చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.) బాపు తల అడ్డంగా ఊపి, గేరు మార్చే పద్ధతిలోనే తప్పుందని, ఇకనుంచి నిమ్మళంగా నడపమని చెప్పాడు. పాపం, ఆ మనిషి అప్పట్నుంచి గాంధారికి సరుకులేసుకుని వెళ్లినా ఎద్దులబండి వెనకాలే వెళ్లేవాడు. మూడు నెలలకు వచ్చి విప్పిస్తే మళ్లీ తారే. ఇంకా నిమ్మళంగా వెళ్లేవాడు. ఆయన అలా మెల్లగా నా పక్క నుంచి పోతుంటే నేను తల తిప్పుకునేవాణ్ణి. బాపు మాత్రం అరుగు మీంచి లేచాడు. పొద్దున్నే ఎవరో ఒకరు చెయిన్ వదులైందనో, బ్రేకు పట్టడం లేదనో వచ్చేవారు. రాత్రి అన్నం దగ్గర మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మాటలు విన్నాక నిజం చెప్పే ధైర్యం నాకెక్కడిది? మళ్లీ శుక్రవారం, మళ్లీ బురద, మళ్లీ ఆదివారం. ఏడాది గడిచేసరికి బండి కంటే నేనే ఎక్కువ అరిగిపోయాను.

ఆ తర్వాత ఒక ఆదివారం, బేసిన్‌లోకి బంగారు ధార పడుతుండగా బాపు జేబులో ఫోన్ మోగింది. చేతులనిండా ఆయిలు. తీసి, నొక్కి, గట్టిగా వినబడేట్టు పెట్టమన్నాడు. పెట్టాను. ఎవరో ఆడపిల్ల, షోరూం నుంచి.

"నమస్తే సార్. శుక్రవారం మీ బండి సర్వీసింగ్ చేయించుకున్నారు కదా. పోయినసార్లలాగే ఈసారి కూడా పదికి పది మార్కులు ఇస్తారా సార్?"

అప్పుకోసం సంతకం పెట్టింది బాపు కనుక, కాగితాల్లో ఉన్నది బాపు నంబరే అన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టనేలేదు. బాపు ధార మీద నుంచి చూపు తిప్పలేదు.

"పదియ్యమ్మా. మంచిగ చేసిండ్రు," అన్నాడు.

ఆ పిల్ల థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది. ఎప్పట్నుంచి తెలుసు అని అడిగాను. మొదటిసారి నుంచే అట. బంగారం రంగు చూసి నిజంగానే మురిశాడట, వీధిని పిలిచాడట, ఆ సాయంత్రమే ఈ ఫోన్ వచ్చిందట. మార్కులు తక్కువిస్తే అక్కడ ఎవరి పని పోతుందోనని పదికి పది చెప్పాడట. మరి అన్నీ తెలిసి ఇన్నాళ్లుగా ఈ కొత్త ఆయిలంతా ఎందుకు పారబోస్తున్నావని అడిగాను.

"ఎవ్వలు పారబోస్తున్నరు?" అని బాపు గోడ పక్కనున్న డబ్బా చూపించాడు. రెండోసారి నుంచి, నేను లోపలికి పానా కోసమో, గుడ్డ కోసమో వెళ్లినప్పుడల్లా బేసిన్‌లోని ఆయిల్‌ను బట్టలో వడగట్టి ఆ డబ్బాలో పోసుకుని, నా కళ్లముందే కొత్త ఆయిల్ పోస్తున్నట్టు తిరిగి అదే పోసేవాడట. అంటే షోరూంవాళ్లు పోసిన ఆయిల్ బయటికొచ్చి, కాస్త గాలి పీల్చుకుని, మళ్లీ ఇంజన్లోకే వెళ్లేదన్నమాట. నేను బండికి బురద పూసి బాపును మోసం చేస్తున్నాననుకుంటే, బాపు తీరిగ్గా వడగట్టి నన్ను మోసం చేశాడు. మరి కిరాణం అన్న సంగతేమిటన్నాను కాస్త కోపంగా.

"ఆనికేమైంది? నిమ్మళంగ నడుపుతుండు. వాడకట్టంత నమ్మినంక ఇప్పుడు కాదంటె మంచిగుంటదా?" అని, చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ అన్నాడు. "నిన్నడుగుదామనే అనుకున్న. మల్ల ఆదివారం పొద్దుగాల నువ్వే వచ్చి పానా చేతికిచ్చినవ్. ఎట్లడుగుత?"

'సరే' అనే మాట నాకు ఎవరి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. బోల్టు బిగించమని పానా నాకిచ్చాడు. బిగించాను. వడగట్టడం కూడా ఎలాగో దగ్గరుండి నేర్పాడు.

ఇప్పుడు మేమంతా కామారెడ్డిలోనే ఉంటున్నాం. బండి పోయి కారొచ్చింది. కారు ఆయిల్ ఇంటి దగ్గర మార్చే ఓపిక నాకు లేదు, కిందికి వంగితే లేవడానికి ఇంకొకరు కావాలి. షోరూంకే ఇస్తాను, టై అన్న ఇప్పుడు ఆ కార్ల షోరూంలోనే చేస్తున్నాడు. సర్వీసింగ్ రోజున బాపు ఉతికిన చొక్కా తొడుక్కుని నాతో బయలుదేరతాడు. అద్దం ఇవతల ఇద్దరం కూర్చుంటాం. కుర్చీలు మెత్తనివి వచ్చాయి కానీ గంటలో అయిపోతుందన్న మాట మాత్రం మారలేదు. కారు బయటికి రాగానే బానెట్ ఎత్తమని, ఆయిల్ చూసే పుల్ల లాగి తువ్వాలకు తుడిచి, మళ్లీ ముంచి తీసి పైకి పడతాడు. చూపు బాగా తగ్గింది. రంగెట్లున్నదని నన్నే అడుగుతాడు. మంచినూనె లెక్కనే ఉన్నది బాపు అంటాను. తృప్తిగా తలూపి పుల్లను జాగ్రత్తగా లోపల పెట్టేస్తాడు.

కారు కొన్నప్పుడు కూడా కాగితాల్లో బాపు నంబరే ఇచ్చాను. మార్కుల ఫోన్ ఆయనకే వస్తుంది. మొన్న వచ్చినప్పుడు మాత్రం తొమ్మిదే ఇచ్చాడట. ఏం, పని బాగా చేయలేదా అని అడిగాను.

"పని మంచిగనే చేసిండ్రు," అన్నాడు బాపు. "గని మనల్ని లోపలికి రానియ్యలే."

ఎల్లారెడ్డి రోడ్డు పక్కన కూర్చుని, మెరిసే కొత్త బండికి బురద ముద్దలు విసిరే ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పాపం, బాపును బయట కూర్చోబెట్టకూడదని, వాడు కూడా ఆ ఒక్క మార్కు కోసమే అంత తిప్పలు పడ్డాడు. వచ్చే సర్వీసింగ్‌కు టై అన్నను అడిగి చూడాలి, మా బాపును ఒక్కసారి అద్దం అవతలికి రానిస్తారేమోనని. ఆయన కాదంటే ఏమంటానో నాకు తెలుసు. ఈసారైనా సరే అనకూడదని అనుకుంటున్నాను.