పక్కింటివాళ్ళ పడవ ఇంజన్

నా చిన్నప్పుడు జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను. పనులు తరవాత చూసుకోవచ్చు, ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న వైపు ఆ రోజుల్లో జొన్నచేలు ఉండేవి. మా తాతయ్య నల్గొండ పల్లెల్లో బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు నడిపి, వయసు మీదపడ్డాక మా దగ్గరికి వచ్చేశాడు. మా గోడకు అవతల కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు కిరాయికి ఉండేవారు. ఆ ఇంటాయన కార్ఖానాలో ఫిట్టరు. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, అరచేతిలో ఇమిడేంత పడవ ఇంజన్ ఒకటి తన చేతులతో తయారుచేసుకున్నాడు. దాని సిలిండరు చుట్టూ ఇత్తడి తొడుగు, తొడుగుకు కింద ఒక గొట్టం, పైన ఒక గొట్టం. మూరెడు చెక్కపడవలో బిగించి నీళ్ళలో పెడితే, వెనక రెక్క తిరుగుతూ నీళ్ళను గొట్టంలోకి తోసేది. ఆ నీళ్ళే ఇంజన్‌ను చల్లబరిచేవి. సెలవునాడు ఆయన దాన్ని నడిపితే వీధి పిల్లలమంతా అక్కడే ఉండేవాళ్ళం.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంవాళ్ళు వెళ్ళిపోవాలన్న మాట వీధుల్లో వినిపించేది. బడులు మూతపడ్డాయి. సైదాబాద్ వైపు నుంచి బస్సులు ఒకరోజు వస్తే ఒకరోజు రావు. కాలేజీలో చదివే మా అన్నయ్య ఊరేగింపులకు పోయేవాడు. మా ఇంట్లో ఎవరూ పక్కింటివాళ్ళను ఒక్క మాట అనలేదు. కానీ పలకరింపులు తగ్గిపోయాయి, ఎదురుపడితే ఇటువాళ్ళూ అటువాళ్ళూ తల దించుకునేవారు. పక్కింటాయన భయపడి, ముందుగా తను ఊరికి వెళ్ళి ఇల్లు చూసుకున్నాడు. ఆదివారం వచ్చి అందరినీ తీసుకుపోతానని కబురు పంపాడు.

శనివారం పొద్దున పక్కింటి అక్క, అంటే ఆయన కూతురు, చాట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. చాటలో ఇంజన్, ముక్కలు ముక్కలుగా ఉంది.

"బిగుసుకుపోయిందని శుభ్రం చేద్దామని విప్పానండీ తాతగారూ. ఇప్పుడు ఏది ఎక్కడో తెలియట్లేదు. నాన్న దీన్ని ప్రాణంలా చూసుకుంటారు," అని ఏడ్చేసింది.

తాతయ్య ఒక్కో ముక్కా కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వాడు. "గిది మా బాయికాడి ఇంజన్‌కు పుట్టిన పిల్లనే బిడ్డా. ఏడ్వకు. ఇప్పింది నువ్వు, బిగించేది గూడ నువ్వే. నేను ఈడనే కూసుంట."

పాత ధోవతి పరిచి ముక్కలన్నీ ఆమెకు గుర్తున్నంతవరకు విప్పిన వరసలో పెట్టించాడు. ఇంజన్ నడిచే నూనెలో కలిపిన ఆముదం ఎండి పిస్టన్‌ను బంకలా పట్టేసింది. దాన్ని గ్యాస్‌నూనెలో, అంటే కిరసనాయిలులో, నానబెట్టించాడు. తొడుగు లోపల మా వీధి బావి ఉప్పునీళ్ళు తెల్లగా పెచ్చుకట్టాయి. చింతపండు పులుసు పోసి, చెంబులు తోమినట్టే నాచేత కడిగించాడు. ఏ ముక్క రాకపోయినా సుత్తి ముట్టనివ్వలేదు. అక్క బిగించింది, నేను అందించాను. చివరికి అక్క పడవ తెచ్చి, అందులో ఇంజన్ బిగించి గొట్టాలు తగిలించేటప్పుడు, నీళ్ళు ఎవరైనా పైనుంచే కదా పోస్తారని, లోపలికి వచ్చే గొట్టాన్ని పైన పెట్టాము. తాతయ్య చూసి కూడా అట్లాగే బిగించనిచ్చాడు.

అంతలో అన్నయ్య వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. చక్రానికి చుట్టిన తాడు చూపించి, "రా, జర గుంజు," అన్నాడు తాతయ్య.

"నేనా? వాళ్ళ ఇంజనా?"

"గుంజుతవా, ఈ ముసలోన్ని గుంజమంటవా?"

అన్నయ్య చెప్పులు విడిచి వచ్చాడు. నీళ్ళ తొట్టిలో అక్క పడవను పట్టుకుంది, అన్నయ్య గుంజాడు. ఇంజన్ టపటపమంటూ అందుకుంది. కొంచెంసేపటికే పొగ, మాడిన వాసన. తాతయ్య చటుక్కున నూనె గొట్టం నొక్కి ఆపేశాడు. అక్క ముఖం పాలిపోయింది.

"కాలలేదు, బయపడకు. నీళ్ళు పైకెల్లి వస్తే లోపలున్న గాలి ఏడికి పోవాలె? అది మీదనే కూసుంటది, ఆడ ఇంజన్ కాగుతది. నీళ్ళు కిందికెల్లి నిండుకుంట రావాలె," అన్నాడు.

నీళ్ళు వచ్చే గొట్టాన్ని కిందికి, పోయేదాన్ని పైకి మార్చారు. అన్నయ్య మళ్ళీ గుంజాడు. ఈసారి పై గొట్టంలోంచి సన్నని ధార తొట్టిలోకి దూకింది. తాతయ్య మా వేళ్ళు ఆ ధార కింద పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది. అట్లా ఉంటేనే లోపల అంతా సరిగ్గా ఉన్నట్టట.

మరునాడు పక్కింటాయన వచ్చాడు. కూతురు జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన తనే ఒకసారి నడిపి, ధార కింద వేలు పెట్టి చూసుకున్నాడు. సామాను బండికి ఎక్కింది. వాళ్ళు వెళ్ళడం ఆగలేదు. కానీ బండి కదిలేముందు ఆయన గోడ దాటి వచ్చి పడవను మా తాతయ్య చేతుల్లో పెట్టాడు.

"మీ దగ్గర ఉంచండి బాబాయిగారూ. మేము తిరిగొచ్చేదాకా దీన్ని మీలా చూసేవాళ్ళెవరూ లేరు," అన్నాడు. అన్నయ్య వెళ్ళి వాళ్ళ పరుపుచుట్ట బండిమీదికి ఎత్తాడు.

ఆ రోజు నుంచి ఇంజన్ బాధ్యత నాది. తొడుగులో చుక్క మిగలకుండా గొట్టంలో నోటితో ఊదడం, సిలిండరు రంధ్రంలో కుట్టుమిషన్ నూనె వేయడం, వారానికోసారి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పడం. నడపని ఇంజన్‌ను ఎందుకు తిప్పాలని విసుక్కుంటే తాతయ్య, "నడుపనిదాన్నే తిప్పాలె బిడ్డా. నడిచేది ఎట్లైన నడుస్తది," అన్నాడు. నేను మరిచిపోయిన వారం అన్నయ్య తిప్పేవాడు.

గొడవలు సద్దుమణిగాక వాళ్ళు తిరిగి వచ్చారు. అక్క ఇంకా ఇంట్లోకి పోకుండానే మా తొట్టి దగ్గరికి వచ్చింది. అన్నయ్య గుంజిన మొదటి గుంజుకే ఇంజన్ పలికింది.

ఇన్నేళ్ళొచ్చినా నాకు అదే అలవాటు. నడపని ఇంజన్‌ చక్రం తిప్పినట్టే, ఏ పనీ లేకపోయినా పోయి ఒకరి తలుపు తట్టి, బాగున్నారా అని అడిగి వస్తాను. మాట పట్టింపులొచ్చి దూరమైనవాళ్ళ ఇంటికైతే ఇంకా ముందు పోతాను. ఇంత ఓపికగా విన్నారు, మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ గడప దాటి పోయినవాళ్ళంతా క్షేమంగా మీ గడపకే తిరిగి రావాలి.