పన్నెండు వోల్టుల మామ

మామ పోయాడని చిన్నమామ ఫోన్ చేశాడు. ఆ మాట పూర్తవకుండానే, "అన్న వ్యాను కొనేవాళ్లు ఎవురన్నా ఉండారా ప్పా?" అని అడిగాడు. గుండె ఆగిపోయిన మనిషి ఇంకా ఆ వ్యాన్‌లోనే పడుకుని ఉన్నాడు. ఇలాంటి తమ్ముణ్ణి జీవితమంతా భరించినందుకైనా మా మామకు దండం పెట్టాలి.

మాది రాయచెర్లు. మేత నేలంతా సోలార్ పలకల కిందికి పోయాక, ఊళ్లో చాలామంది గొర్రెల్ని అమ్మేసి కౌలు తింటూ అరుగులెక్కారు. వాళ్లలో చిన్నమామ పెద్ద. ఆవలించడం కూడా ఉద్యోగమే అన్నంత దర్జా ఆయనది. మామ మాత్రం మందను తోలుకుని నిడుగల్లు కొండ వైపు నెలల తరబడి పోయేవాడు. అత్తకు మసక పడితే చూపు ఆనదు. "గుడారంలో గుడ్డిదీపం పెట్టుకోని నేనుండలేను. మా ఇంటి దీపాలు యాడుంటే నేనాడ" అని ఊళ్లోనే ఉండిపోయేది.

ఒక్కడే వండుకుని ఒక్కడే తిని విసిగిపోయి, మామ పాత సరుకుల వ్యాను కొన్నాడు. మంచం, పొయ్యి అమర్చాడు. పైన ఒక సోలార్ పలక, కింద పన్నెండు వోల్టుల బ్యాటరీ. పావగడలో అంగడాయన బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా పెంచే ఇన్వర్టర్ కూడా పెట్టుకొమ్మంటే మామకు ఒళ్లు మండింది.

"బల్బుకు పిడికెడు కరెంటు చాలు. దాన్ని బానెడు చేసి, బల్బు లోపల మళ్లా పిడికెడు చేసేదేంది? అమ్మేవానికి ఒక తిక్క, కొనేవానికి రెండు" అన్నాడు.

ఇంట్లో దీపాలన్నీ ఊడదీసి అరుగు మీద పరిచాడు. ఒక్కో బల్బు బుర్ర విప్పి, ఇంటి కరెంటుకు సరిపడే భాగం తీసేసి, పన్నెండు వోల్టుల బిళ్ల అతికించాడు. పైన డొప్ప పాతదే, హోల్డరులో బిగించే మొన పాతదే. తక్కువ వోల్టులకు సన్న తీగ వేస్తే వేడెక్కుతుందని లావు తీగలు లాగాడు. "వ్యానుకు పెండ్లి చేస్తాండాడు మా అన్న" అని చిన్నమామ ఊరంతా చెప్పుకుని నవ్వాడు. ఆ వారమే అత్త చీరలు మూట కట్టుకుని వ్యానెక్కింది.

ప్రాణం పోయిన చోట కర్మ అయ్యేదాకా దీపం ఆరకూడదని మా ఆచారం. మామతో పాటు వ్యానునూ ఊళ్లో ఇంటి ముందుకు తెచ్చారు; అత్త అందులో బల్బు వెలిగించే ఉంచింది. చిన్నమామకు అది నచ్చలేదు.

"బండి ఇల్లెట్లయితాది? దీపాలు ఇంటికి తెస్తా. వదిన గూడా ఈడ్నే ఉంటాది, మాకింత వండి పెడతాది. గొర్రెలూ బండీ అమ్మేద్దాం" అన్నాడు. బతికుండగా మామను పిచ్చోడన్న బంధువులంతా, ఇప్పుడు ఆయన్ను దేవుణ్ణి చేసి, తమ్ముడి మాటకు తలలూపారు.

చిన్నమామ వ్యాన్‌లో బల్బులు పీకి, ఇంటి హోల్డరులో ఒకటి బిగించి స్విచ్ వేశాడు. టప్పుమంది. అంతటితో ఆగితే చిన్నమామ ఎందుకవుతాడు? బల్బే చెడ్డదని తిట్టి రెండోది పెట్టాడు. అదీ కాలింది. మూడోది బిగించబోతే అత్త లాక్కుంది.

"ఇంగ చాలు. ఇవి మీ ఇంట్లో బతకవు, నేనూ బతకను. కర్మ అయినాక మందతో పోతా" అంది.

ఆ బల్బును తీసుకుపోయి మళ్లీ వ్యాన్‌లో వెలిగించింది. నాకైతే ఆ చావింట్లోనే ఈల వేయాలనిపించింది.

కర్మ అయిన మర్నాడు నేనే వ్యాను తోలాను. మామ పోయినప్పటినుంచీ గొర్రెలు ఒకచోట నిలవడం లేదని, మందను చూసుకుంటున్న పక్కూరి కాపరి మొత్తుకుంటున్నాడు. పొద్దు వాలేవేళకు కొండ కింద ఆపాను. గొర్రెలు చెల్లాచెదురుగా తిరుగుతూ ఒకటే అరుపులు. అత్త తడుముకుంటూ లోపలికి పోయి, మిగిలిన ఆ ఒక్క బల్బు స్విచ్ వేసింది. తలుపులోంచి వెలుగు నేల మీద పడింది.

ముందు ఒక ముసలి గొర్రె తలెత్తింది. తర్వాత అన్నీ వచ్చాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ వెలుగులోకి చేరి, రోజూ మామ దిగొచ్చే తలుపు వైపు చూస్తూ నిలబడ్డాయి. చాలాసేపు చూశాయి. నాకు ఏడుపాగలేదు. అత్త మెట్టు మీద కూర్చుంది. అప్పుడు ఒక్కొక్కటే ఆమె కాళ్ల దగ్గర పడుకున్నాయి.