వీధంతా పంచిన పులి పెంట

ఆ రోజుల్లో పులిని కాపాడుతున్నది నేనే అనుకునేదాన్ని. (పులికి ఆ సంగతి తెలియదు.) ఎమ్మెస్సీ ముగించి, నల్లమలలో పులుల మీద జరిగే ఒక పరిశోధనలో చేరిన కొత్త. ఆదోనిలో మా చుట్టాలేమో నేను రోజూ పులిని చూస్తున్నాననుకునేవాళ్లు. నేను చూసింది పులి పెంట. దాన్ని ఏరి, ఎండబెట్టి, కడిగి, అందులోని వెంట్రుకలను బట్టి పులి దుప్పిని తిన్నదో, ఊరి దూడను తిన్నదో తేల్చాలి. ఆ పరిశోధన నడిపే మా సారు విమానాల్లో తిరిగి ఇచ్చే ఉపన్యాసాలన్నిటికీ పెట్టుబడి అదే.

ఒకసారి అడవిలో ముసురు పట్టి, సారు స్వయంగా కర్రతో చూపించి ఏరించిన పెంటకు బూజు పట్టేలా ఉంది. "మీ ఊళ్లో ఎండకు కొదవ లేదుగా, తీసుకెళ్లి ఆరబెట్టు. పోగొట్టావో, నీ ఉద్యోగమూ పోయినట్టే" అన్నారాయన. మా ఎండకు అంత గౌరవం దక్కడం అదే మొదలు. మిద్దె మీద అవ్వ ఎండుమిరపకాయల పక్కనే కాగితాలు పరిచి ఆరబోసి, "ఇది పులిది, ఎవరూ ముట్టొద్దు" అని చెప్పి, స్నేహితురాలి పెళ్లికి ఎమ్మిగనూరు పోయాను. (పిల్లిది అని ఉంటే నిజంగానే ఎవరూ ముట్టేవారు కారు.) తిరిగి వచ్చేసరికి మిరపకాయలున్నాయి, కాగితాలున్నాయి, పెంట లేదు.

"అవ్వా, యాడపోయింది?"

"యాడికీ పోలేదులేమ్మే. పక్కింటి ఖాలా మనవడు నిద్రలో బెదురుకుంటాండాడంట. సాంబ్రాణిలో పులిది ఇంత ఏసి పొగ పడితే బెదురు పోతాది. ఆయమ్మకు ఇచ్చినా. ఆయమ్మ వీధంతా సెప్పింది. అడిగినోళ్లకు లేదంటే బాగుంటాదా?"

ఇంటింటికీ తిరిగాను. మా వీధి పిల్లలందరికీ పిన్నమ్మ లాంటి ఖాలా గుమ్మంలోనే దీవించింది. "అరె బేటీ, నీ సదువు సల్లగుండ! మావోడు గురక పెట్టి పండుకున్నాడు. ఇంకొంచెం ఉందా?"

"మిగిలింది ఇచ్చెయ్ ఖాలా, నా నౌకరీ పోతాది!"

"నౌకరీ ఇంకోటి వస్తాది. పులి వస్తాదా మన ఆదోనికి?"

కొందరు నిప్పుల్లో వేసేశారు. ఒకామె తాయెత్తులో పెట్టి పసిబిడ్డ మొలతాడుకు కట్టేసి, విప్పనంది. పులుల సంరక్షణలో ప్రజల భాగస్వామ్యం కావాలని సారు ఊరూరా చెబుతారు. అది మా వీధిలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండి ఉండదు.

దక్కిన సగం తీసుకుపోయి ఇస్తే సారు మొహం కందగడ్డయింది. "పరీక్ష ఫలితం రానీ, నీ సంగతి తేలుస్తా" అన్నారు. ఫలితం వచ్చింది. పులిది ఒక్కటీ లేదు, అంతా ఊరకుక్కలదే. సారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, "మిగతాది పోవడమే మంచిదయిందమ్మా. ఈ మాట మన మధ్యే ఉండనీ" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది.

అవ్వతో మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె మిరపకాయల తొడిమలు తుంచుతూ, తలెత్తకుండా, "కుక్కదైతే ఏమ్మే? పిల్లోళ్లు పండుకున్నారా లేదా?" అంది.

ఇప్పుడు నా కొడుకు మిక్సీ చప్పుడుకే ఉలిక్కిపడతాడు. వాడు నిద్రపోయాక, ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చి ఇది రాస్తున్నాను. వీళ్లకు ఎప్పటికి బుద్ధొస్తుందో అని పళ్లు నూరుతూ వీధంతా తిరిగిన ఆ ఎమ్మెస్సీ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తోంది. పాపం, దానికి అప్పటికింకా పిల్లల్లేరు.