పళ్లెం మోగితే వదిలెయ్యాలి

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలావిడ అంటారు. నిజానికి ఆమె దగ్గర తాళంచెవుల గుత్తేమీ ఉండదు. ఆఫీసు కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ మధ్య ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టె ఒకటుంది. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మంలోనే ఆపాలో దానికి చెప్పేది పదకొండేళ్లుగా ఆమే. ఇన్నేళ్లలో ఒక్క దొంగ లోపల అడుగు పెట్టలేదు. అలాంటి మనిషి చేతిలో ఒక సోమవారం పొద్దున్నే కాగితం పెట్టారు. మూడు నెలల తర్వాత సర్టిఫికెట్ లేనివాళ్లెవరూ ఫైర్‌వాల్ మీద చెయ్యి వెయ్యకూడదట. అలాంటివాళ్లను ఫోన్లెత్తే బల్ల దగ్గరికి మారుస్తారట.

కింద సంతకం చిన్నసారుది. అది చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మరి ఎక్కదూ? ఆరేళ్ల కిందట ఈ పెద్దమనిషి కొత్తగా చేరి, ఏ వైరు ఎక్కడ గుచ్చాలో తెలియక బిక్కమొహం వేస్తే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఈవిడే. అప్పట్లో “అక్కా, అక్కా” అంటూ వెనకాలే తిరిగేవాడు. తర్వాత ఎక్కణ్ణుంచో పాత ప్రశ్నలు సంపాదించి, జవాబులు బట్టీపట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుని ఆఫీసరయ్యాడు. పరీక్ష తీరు మార్చేసింది ఆ తర్వాతే, అదీ ఆయనగారి అదృష్టం. ఆ రోజు నుంచి అక్క పోయి మేడమ్ వచ్చింది.

“రూలు మేడమ్. నాదేముంది ఇందులో?” అన్నాడు.

“సంతకం మీదేగా!” అని కాగితం అతని బల్ల మీదే విసిరేసి వచ్చింది.

సర్టిఫికెట్ ఇచ్చే ఆ పరీక్ష ఇప్పుడు పెన్నూ కాగితం పరీక్ష కాదు. ఎనిమిది గంటలు ఒక గదిలో కూర్చోబెడతారు. సగం పాడైన నెట్‌వర్క్ చేతికిస్తారు. దాన్ని బాగుచేసి, దొంగలు దూరకుండా కట్టుదిట్టం చేసి చూపించాలి. నూటికి ఎనభై వస్తేనే గట్టెక్కినట్టు. ఆవిడ అప్పటికే రెండుసార్లు తప్పింది.

పని రాక కాదు తప్పింది, అదే కదా కడుపుమంట! మొదటిసారి రెండు ఆఫీసుల మధ్య రహస్య దారి వేసే ప్రశ్న వచ్చింది. దాన్ని టన్నెల్ అంటారు. నాలుగు మార్కులది. ఎంతకీ పనిచెయ్యలేదు. ఉడుంపట్టు పట్టి రెండుంబావు గంటలు దానితోనే కుస్తీ పట్టింది. చివరికి టన్నెల్ బాగుపడింది, పరీక్ష పోయింది. రెండోసారి, పరీక్షకు ముందురోజు చిన్నసారు ఫోన్ చేసి ఆఫీసుకు పిలిపించాడు. సాయంత్రం దాకా అక్కడ నిలబడి వాళ్ల పని చేసిపెట్టి, మర్నాడు తూలుకుంటూ పరీక్ష గదికి వెళ్లింది. “ముందు నీ కంప్యూటర్ అడ్రసుకి దారి వదులు, ఆ తర్వాతే మిగతావాళ్లకి తలుపు వెయ్యి” అని ఆఫీసులో అందరికీ నూరిపోసిన మనిషి, తన అడ్రసు రాయకుండానే తలుపు వేసేసుకుంది. ఆ పెట్టె ఆమెను కూడా బయటే నిలబెట్టింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే మొహం చిటపటలాడుతుంది.

మూడోసారికి అత్తగారు రంగంలోకి దిగింది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, పరీక్ష హాళ్లలో చెప్పుల చప్పుడు కాకుండా తిరిగి, చీటీలు పట్టుకున్న మనిషి. ఫైర్‌వాల్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

“నీకు రానిదేం లేదే అమ్మాయ్. వదలడం రాదు, అంతే” అంది.

“పాడైనదాన్ని పాడైనట్టే వదిలేసి ఎలా లేస్తానత్తయ్యా? బాగుచెయ్యడమే కదా నా పని!”

“ఆఫీసులో పని. పరీక్షలో అది రోగం.”

కోడలికి ఒళ్లు మండింది. కానీ పాత క్యాలెండర్ కాగితం వెనక అత్తగారు రాసింది చూశాక కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటి నలభై నిమిషాలు కీబోర్డు ముట్టుకోకూడదు, ప్రశ్నలన్నీ చదివి, దేనికెన్ని మార్కులో పక్కన వేసుకోవాలి. ఏది బాగుపడితే మిగతావి కదులుతాయో అది ముందు. అది మాత్రం కోడలు చెప్తే రాసుకుంది. ఒక్కో జవాబు అయిన వెంటనే సేవ్ చెయ్యాలి. చివరి గంట సరిచూసుకోవడానికే. వీటన్నిటి కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి రాసింది: ఏ ప్రశ్నకైనా ఇరవై నిమిషాలే.

ఇక ఆదివారాలు భోజనాల బల్ల భోజనాలకు పనికిరాకుండా పోయింది. పాత రూటర్లు రెండూ, ఫైర్‌వాల్ ఒకటీ దాని మీద చేరి హోరుమని మోత. కోడలు ఇటు, చేతిలో స్టీలు పళ్లెం, గరిటెతో అత్తగారు అటు. ఇరవై నిమిషాలు కాగానే పళ్లెం ఠంగుమనేది.

“వదిలెయ్!”

“ఒక్క నిమిషం అత్తయ్యా, అయిపోవచ్చింది!”

“హాల్లో అందరూ అనే మాటే ఇది. వదిలెయ్!”

మూడో ఆదివారం కోడలికి కోపం నషాళానికంటింది. పళ్లెం లాక్కుని బాల్కనీలోకి విసిరింది. అంచు సొట్టపోయింది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే మొగుడు చెవుల్లో దూది సర్దుకుని గోడవైపు తిరిగాడు. అత్తగారు మాత్రం తొణకలేదు. “ఇంట్లో ఇంకా పదకొండున్నాయి” అని వంటింట్లోకి వెళ్లింది.

రోజులు గడిచాయి. పరీక్ష పక్క ఊళ్లో. ముందురోజు ఒంటిగంటకు రైలు. సంచీ సర్దుకుంటుంటే పదకొండుంబావుకి ఫోన్ మోగింది.

“అక్కా!”

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అక్క! అవతల చిన్నసారు. ఆవిడ సెలవులో ఉంది కదా, తనే ఒక చెయ్యి చూపిద్దామని ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో ఫైర్‌వాల్‌కి చెప్పే కొత్త వరసలు రాశాడట. ముందు తన అడ్రసు రాయకుండా అందరికీ తలుపు వేసేశాడు. ఆఫీసంతా ఆగిపోయింది.

“ఇక్కణ్ణుంచి దానిలోకి వెళ్లలేం. పెట్టె ఉన్న గదికి వెళ్లండి. రెండో సొరుగులో నీలం వైరు ఉంటుంది. దాన్ని పెట్టె వెనకాల గుచ్చి, మీరు రాసిన ఆఖరి వరస తీసెయ్యండి, అంతే” అంది పళ్లు బిగబట్టి.

“ఆ వైరు ఏ కంతలో పెట్టాలక్కా?”

“ఆరేళ్ల కిందట మీ చెయ్యి పట్టుకుని చూపించానే!”

మళ్లీ చెప్పింది. ఇంకోసారి చెప్పింది. అతను పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. “నా వల్ల కాదక్కా. అరగంట, ఒక్క అరగంట వచ్చి వెళ్లు. పైవాళ్లు నా పీక మీద కూర్చున్నారు.”

ఆవిడ కాళ్లు చెప్పుల వైపు కదిలాయి. నిజం చెప్పాలంటే ఒక కాలు దూర్చేసింది కూడా. పాడైన పెట్టె ఒకటి అక్కడ పడి ఉందంటే ఆవిడకు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టే ఉంటుంది. అత్తగారు గడియారం చూసింది. సొట్టపళ్లెం అటక మీంచి దించి, గరిటెతో ఒక్కటి కొట్టింది.

“ఏంటక్కా ఆ చప్పుడు?”

“మీకిచ్చిన ఇరవై నిమిషాలు అయిపోయాయి. పోయినసారి నా పరీక్ష మింగారు, ఈసారి మింగనివ్వను. నేను రాను” అని ఫోన్ పెట్టేసి, ఆపేసి, సంచీ అడుగున కుక్కింది. ఒంటిగంట రైలు అందుకుంది.

పరీక్షలో నాలుగో గంటకు మళ్లీ అదే టన్నెల్ ఎదురైంది. ఎంత చేసినా పనిచెయ్యదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా పనిచెయ్యదు. ఇరవై నిమిషాలు కాగానే ఆ మూగ గదిలో చెవుల్లో ఠంగుమంది. లోపల బండబూతు ఒకటి తిట్టుకుని, కాగితం మీద ఆ ప్రశ్నను కొట్టేసి ముందుకు పోయింది.

రెండురోజులకు ఫలితం వచ్చింది. ఎనభై నాలుగు. మొగుడు చెవుల్లో దూది తీసి ఎగిరినంత పనిచేశాడు. ఆవిడ మాత్రం బల్ల మీద గుద్దింది.

“నాలుగు మార్కులు పోయాయి! తిరుగు రైల్లో తట్టింది. టన్నెల్ అవతలి పెట్టెలో తేదీ పోయిన ఏడాదిది ఉంది. అందుకే తేదీ కలవక ఇవతలిదాన్ని నమ్మలేదు. రోజంతా గడియారం చూస్తూ కూర్చుని, దాని గడియారం మాత్రం చూడలేదు!”

అత్తగారు పళ్లెం వైపు చెయ్యి చాచింది.

“సర్లెండి, వదిలేశాను” అని కోడలు మూతి తిప్పుకుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్తే అందరికీ తెలిసే ఉంది. ఆ రోజు ఆఫీసు నాలుగు గంటలు మూతబడిందనీ, చివరికి బయటి నుంచి ఎవరినో పిలిపించి వైరు గుచ్చించారనీ కూడా తెలిసే ఉంది. చిన్నసారు ఎదురొచ్చి చెయ్యి చాచాడు.

“సాధించేశావక్కా! నాకు ముందే తెలుసు, నువ్వు...”

ఆవిడ ఆ చెయ్యి వైపు చూడలేదు. తన కుర్చీ లాక్కుని, కూర్చుని, ఫైర్‌వాల్ తెర తెరిచింది. అతను రాసిన వరసలు ఒక్కొక్కటే చెరుపుతూ చెప్పింది:

“మేడమ్ అనండి సార్. మీరే అలవాటు చేశారు.”