పక్షుల గురించి కాదు

మా లైబ్రేరియన్ మేడమ్ పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. తాడేపల్లిగూడెంలో ఆఫీసుకు బయలుదేరుతూ ఫోన్ చూస్తే, ఏలూరులోని మా పాత వీధి గ్రూపులో ఆవిడ ఫోటో కనిపించింది. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి మధ్యలోనే ఎవరో ఇళ్ళ స్థలాల ప్రకటన ఒకటి పెట్టారు. ఆవిడ కోసం ఏడవాలో, ఆ ప్రకటన పెట్టినవాణ్ణి తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. మా పేటలోని చిన్న శాఖా గ్రంథాలయంలో పనిచేసేవారు. ఆదివారం సాయంత్రాలు కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరి వీధి ఎలా మారుతోందో వాళ్ళచేత చెప్పించేవారు. నిన్నటి పేపరుతో కుర్చీలు తానే తుడిచి, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారు కదా అని ఎవరైనా కాస్త కల్పించారో, వెంటనే కళ్ళు తెరిచేవారు. బాగుందని ఎవరినీ అనగా నేను వినలేదు. "ఊఁ, తర్వాత?" అనడమే ఆవిడ మెప్పు.

ఆవిడ దగ్గర ఒక మాట చెల్లేది కాదు. అది 'ఒకప్పుడు'. నేను మొదటిసారి లేచి, గొంతు సవరించుకుని, ఒకప్పుడు మా వీధి వెనక అంతా పచ్చటి వరిచేలేనని మొదలుపెట్టాను.

"నువ్వు చూశావా నాయనా?" అన్నారు.

"లేదండీ. మా నాన్నగారు చెప్పారు."

"అయితే అది నాన్నగారి కథ. వచ్చే ఆదివారం ఆయన్ని పంపించు. నీదేదో నువ్వు చెప్పు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నేను చూసింది చెప్పాను. ట్రాక్టర్లతో మట్టి తోలి చేలు పూడ్చారు. ప్లాట్ల ముందు రంగుల ఆర్చి కట్టారు, మురుగు పోయే దారి మాత్రం వదల్లేదు. వానొస్తే ఆ మురుగు మా వంటింటి గుమ్మం దాటి లోపలికొస్తుంది. మా అమ్మ ఒక చేత్తో దాన్ని చీపురుతో బయటికి తోస్తూ, రెండో చేత్తో అన్నం ఉడికిందో లేదో చూస్తుంది. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ ఇందులోనే ఉండి, పచ్చటి చేల గురించి మాట్లాడుతున్నానా అనిపించింది. ఇవాళ నా కళ్ళతో నేను చూస్తున్నానంటే అది ఆవిడ చలవే.

మాలో ఒక అమ్మాయి కొల్లేటి లంక ఊరి నుంచి వచ్చి ఏలూరు హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదివేది. వాళ్ళ ఊళ్ళో చేపల చెరువుల్లో మేతగా కోళ్ళ వ్యర్థాలు తెచ్చి పోస్తారు. ఒక ఆదివారం దాని గురించే చెప్పింది. లైబ్రరీ వార్షిక సభలో కూడా దాన్నే చెప్పించాలని మేడమ్ అనుకున్నారు. ఆ సభకు ముఖ్య అతిథి, మేం కూర్చునే కుర్చీలిచ్చిన దాత, ఆ చెరువుల యజమాని, ముగ్గురూ ఒక్కరే. పైగా ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఆయన చెరువుల మీదే కాపలాదారు.

సభకు ముందు ఇద్దరు పెద్దమనుషులు మేడమ్ దగ్గరికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. చాలా మర్యాదగా మాట్లాడారు. మా వైపు ఎంత పాడుమాట చెప్పినా చివర 'అండీ' తగిలించడం మరిచిపోరు.

"కొల్లేరంటే పక్షులు కదండీ మేడమ్ గారూ. ఆ పాపచేత పక్షుల మీద చెప్పించండి."

"పక్షుల మీద మీరు చెప్పండి. ఆ పిల్ల తను చూసింది చెబుతుంది."

వాళ్ళు వెళ్ళాక అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చెప్పాలో మానాలో నీ ఇష్టం అమ్మా. మీ నాన్నగారి ఉద్యోగం ఉంది, మానినా నేనేమీ అనుకోను. మార్చి మాత్రం చెప్పకు" అన్నారు.

అమ్మాయి మానుకుంది. మేడమ్ నిజంగానే ఏమీ అనుకోలేదు. అనుకున్నది ఆ పెద్దమనుషులే. రిపేర్ల పేరు చెప్పి ఆదివారాలు హాలుకు తాళం వేశారు. ఏ రిపేరూ జరగలేదు. అప్పటి నుంచి ఆవిడ మమ్మల్ని తమ ఇంటి వరండాలో, విప్పిన చెప్పుల మధ్యనే కూర్చోబెట్టుకున్నారు.

అదే హాల్లో మొన్న ఆవిడ సంతాప సభ పెట్టారు. గోడలకు హడావిడిగా రంగు కూడా వేయించారు. గుమ్మంలో ఫ్లెక్సీ. దాని మీద చెరువుల యజమాని ఫోటో నిలువెత్తున ఉంది. మేడమ్ ఫోటో ఆధార్ కార్డు మీద ఉండేంత ఉంది. మాట్లాడినవాళ్ళందరూ 'ఒకప్పుడు' అనే మొదలుపెట్టారు. యజమాని గారు మైకు పట్టుకుని, ఆవిడ తనకు అక్కలాంటివారని, కొల్లేటి పక్షులంటే ఆవిడకు ప్రాణమని చెప్పారు. పక్షుల మీద మీరు చెప్పండి అన్న మాటను ఇన్నాళ్ళకు పాటించారన్నమాట. చనిపోయిన మనిషి లేచి కాదనలేదన్న ధీమా కంటే రోతైనది ఇంకేముంటుంది?

అప్పుడు ఆ అమ్మాయి లేచి మైకు అడిగింది. వాళ్ళ నాన్న ఇంకా ఆ కాపలాలోనే ఉన్నాడు. టిఫిన్లు వచ్చేశాయి, రెండు ముక్కల్లో ముగించమ్మా అన్నారు వేదిక మీదివాళ్ళు. ఆమె మేడమ్‌ను పొగడలేదు.

"మా ఇల్లు చెరువు గట్టు మీదేనండి. తెల్లారేసరికి వ్యాను వస్తుందండి. డ్రమ్ముల్లో కోడి పేగులు, తలకాయలు, ఈకలు. అవి పోస్తుంటే మా అమ్మ కిటికీకి గోనె కట్టి అన్నం వండుతుందండి. చదువుకునేటప్పుడు నేను ఇంటికెళ్ళి వస్తే హాస్టల్లో నా బ్యాగు బయట పెట్టమనేవారండి. ఉతికిన బట్టలేనండి. ఉతికినా పోదండి."

గొంతు పెంచలేదు. ఎండకు నీళ్ళ మీద తేలే కొవ్వు, దాని మీద ముసిరే ఈగలు, అన్నం పళ్ళెం మీద మూత తీయగానే వచ్చి వాలే ఈగలు, ఒక్కొక్కటే చెబుతూ పోయింది. మైకు లాక్కోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ తనకు తెలియకుండానే పమిట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పక్కావిడా పెట్టుకున్నారు. కొత్త రంగు తప్ప మరే వాసనా లేని ఆ హాల్లో, వెనక వరసల దాకా చేతులు ముక్కుల మీదికి వెళ్ళాయి. వేదిక మీద చెరువుల యజమాని గారు కదలకుండా కూర్చున్నారు. కాసేపటికి ఆయన కూడా జేబులోంచి తెల్ల రుమాలు తీసి ముక్కు మూసుకున్నారు.