కాగని డప్పు

మా అన్న డప్పును బొగ్గుల మీద కాల్చేసిన రోజు దుబాయ్ ముష్రిఫ్ పార్కుకు వచ్చిన మనవాళ్లంతా కడుపుబ్బ నవ్వారు. నవ్వనిది మేమిద్దరమే.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. అన్న షార్జాలో సజ్జా లేబర్ క్యాంపులో ఉండి ఇనుప తలుపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను దుబాయ్ అల్ కుసైస్‌లో ఏసీ గాలి పారే రేకు గొట్టాలు (డక్టులు) చేసే కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు గీసేవాణ్ని. మాది జగిత్యాల వైపు డప్పు కొట్టే ఇల్లు. చదువు పేరు చెప్పి నేను తప్పించుకున్నాను. అన్న మాత్రం ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకీ డప్పు కొట్టి, ఆ తర్వాతే దుబాయ్ విమానమెక్కాడు.

బతుకమ్మకు వారం ముందు, శుక్రవారం నాటి పిక్నిక్ అది. ఎవరో ఆఫీసు ఉద్యోగి హైదరాబాద్ నుంచి కొత్త డప్పు తెప్పించాడు. తోలు డప్పునైతే కొట్టేముందు మంటకు కాగబెడతారు. వేడికి తోలు బిగుసుకుని ఖంగున మోగుతుంది. ఇది ఫైబర్ డప్పు, బోల్టులు బిగిస్తే చాలు. ఆ సంగతి అన్నకు తెలియక కాదు, చెయ్యి ఊరుకోలేదు. చికెన్ కాలుతున్న బొగ్గుల మీదికి అలవాటుగా డప్పును వంచాడు. చూస్తుండగానే నడిమధ్య కరిగి, పిడికిలి పట్టేంత చిల్లు పడింది.

"ఖలాస్!" అని ఎవరో అరిచారు. ఇక నవ్వులే నవ్వులు.

అన్న నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "కాగవెట్టకుంట ఎవలన్న డప్పు కొడ్తరా తమ్మీ? సల్లని డప్పు కొడితే సచ్చినోనికి గూడ కోపమస్తది. నేను పోయిన్నాడు మాత్రం మంచిగ కాగవెట్టి కొట్టుమను."

"నీ నోట్లె మంచిమాటే రాదా?" అని కసిరాను.

పండగ ముంచుకొచ్చింది, డప్పేమో లేదు. నా ల్యాప్‌టాప్‌లో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. అందులో ఏ వాయిద్యమూ లేకుండానే టామ్ అనే డ్రమ్ము చప్పుడు పుట్టించవచ్చు. ముందు ఈల లాంటి నున్నటి స్వరం ఒకటి తీసుకోవాలి. అది పైన మొదలై రెప్పపాటులో కిందికి జారేలా చేస్తే ఢుమ్మంటుంది. మొదట్లో చిటికెడు హోరు కలిపితే పుల్ల తోలును తాకినట్టు వినిపిస్తుంది. ఆ టామ్‌నే డప్పుగా మారుద్దామని కూర్చున్నాను. అన్న నా రూముకొచ్చి, కింది మంచం మీద బాసిపట్లు వేసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"సల్లగున్నది ర," అన్నాడు.

పిచ్ పెంచి స్వరాన్ని కాస్త పైకి లేపాను. "ఇగో, కాగవెడ్తున్న."

"ఇంకింత. ఇంకింత. మాడగొట్టకు మల్ల!"

పార్కు గుర్తొచ్చి ఇద్దరం పడీ పడీ నవ్వాం. చివరికి అన్న కళ్లు మూసుకుని, మంచం ఇనుప పట్టీ మీద వేళ్లతో దరువు అందుకున్నాడు. "ఆఁ, కాగింది," అన్నాడు. తర్వాతి శుక్రవారం పండగలో ఆడవాళ్లు నా ల్యాప్‌టాప్ దరువుకే బతుకమ్మ ఆడారు. నా జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

తెలంగాణ వచ్చిన ఏడు అన్న వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి పోయాడు. వానాకాలంలో ఛాతీలో నొప్పి అని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. నా పాస్‌పోర్టు వీసా రెన్యువల్‌కని కంపెనీ చేతిలో ఉంది. ముదీర్ అంటే మా మేనేజర్, ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు, కానీ పాస్‌పోర్టు రాలేదు.

చిన్నాన్న కొడుకు శవం వెంట నడుస్తూ ఫోన్ చేసి, "అన్నా, ఇను," అని ఫోన్‌ను డప్పుల వైపు పట్టుకున్నాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి విన్నాను. అట్టపెట్టెను వేలితో తట్టినట్టు డబ్, డబ్ అని చచ్చు చప్పుడు. దాని మీద ఎడతెగని హోరు. అంతే. నాకు ఏడుపు రాలేదు, ఫోన్ మీద కోపమొచ్చింది. ఫోన్లు మనిషి మాట కోసం చేసినవి, డప్పు మోత వాటికెలా పడుతుంది, పాడు లైన్ అంతా మింగేసింది అని తిట్టుకున్నాను. అక్కడ మాత్రం డప్పులు ఊరంతా దద్దరిల్లేలా మోగుతున్నాయని నమ్మాను. నమ్మకపోతే ఆ రోజు ఆ మెట్లు దిగగలిగేవాణ్ని కాను.

ఆ చప్పుడు నన్ను వదల్లేదు. మధ్యాహ్నం ఏసీ ఆగగానే నెత్తి మీద డక్టు రేకు డబ్ అనేది. సోనాపూర్ క్యాంపుకు పోయే బస్సు తలుపు మూసుకుంటే అదే డబ్. పక్క రూములో ఎవరో చపాతీ పిండి బల్ల మీద వేసినా అదే. విన్నప్పుడల్లా అన్న నా వెనకే నిలబడి, ఎప్పుడు కాగబెడతావురా అని ఎదురుచూస్తున్నట్టుండేది. వెనక్కి తిరగాలంటే భయం వేసేది. తిరగకుండా ఉండలేకపోయేవాణ్ని.

అందుకే మళ్లీ ఆ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఫోన్ మింగేసిన మోతను తిరిగి తెచ్చుకోవాలి, అన్న చివరిసారి విన్నదాన్ని నేనూ వినాలి, అదొక్కటే పట్టుదల. ఏళ్ల తరబడి శుక్రవారాలన్నీ దానికే పోయాయి. గుర్తున్న ఆ చప్పుడునే ముందు హోరుతో సహా కట్టాను, తర్వాత హోరు తీసేశాను. అట్టపెట్టె చప్పుడు కింద స్వరం చేర్చాను, పిచ్ జార్చాను, గుంజాను, సాగదీశాను. రూమువాళ్లు నాకు పిచ్చి పట్టిందన్నారు. ఒక శుక్రవారం పొద్దున హెడ్‌ఫోన్‌లో డప్పు ఖంగున మోగింది. కాగిన తోలే.

వెంటనే వదినకు ఫోన్ చేశాను. అన్న పోయినప్పటి నుంచి ఆ రోజు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

"వదినా, ఆనాటి డప్పు తయారు చేసిన. అన్న మీద కొట్టిన డప్పు. అచ్చం గట్లనే అచ్చింది, ఇంటవా?"



"ఆనాడు డప్పులు ఏడ మోగినయ్?" అంది వదిన. "నీకెవ్వలు చెప్పలేదా? పొద్దటిసంది ఒక్కతీరుగ వాన. గడ్డి మొత్తం తడిసింది, ఎంత అంటువెట్టినా మంట లేవలే. చితి కట్టెల మీదనైతే డీజిల్ వోసిర్రు. డప్పులు కాగవెట్టుడు ఎవ్వలికి వట్టింది? తడి డప్పులే కొట్టుకుంట తీస్కవోయిర్రు. డబ్ డబ్ అని అట్ట మీద కొట్టినట్టు. నాకు గిప్పటికీ చెవులల్ల గదే."

అంటే ఫోన్ ఏమీ మింగలేదు. ఆ హోరు వాన. ఉన్నదున్నట్టు నా చెవిలో పోసిన ఫోన్‌ను ఇన్నేళ్లూ తిట్టుకుంటూ వచ్చాను. కొన్ని వందల చావులకు డప్పు కాగబెట్టిన మా అన్న, కోరిన ఆ ఒక్క కోరికా తీరక, చల్లని డప్పు మోత మీదే వెళ్లిపోయాడు. మెట్ల మీద రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

వదిన నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "నువ్వు చేసింది ఇప్పుడు వెట్టు," అంది. "స్పీకర్ పెట్టి ఫోన్ ఆయన ఫోటో కాడ వెడ్త."

నా ఫోన్‌కూ స్పీకర్ పెట్టి, ల్యాప్‌టాప్‌కు ఆనించి దరువు వదిలాను. రూములో డప్పు ఖంగుమంది. వదిన గదిలో మోగి, ఫోన్‌లోంచి తిరిగి నా చెవికొచ్చింది మాత్రం అదే అట్టపెట్టె చప్పుడు. డబ్, డబ్.

పిచ్ మీద చెయ్యి వేశాను.

"ఫోన్ తియ్యకు వదినా," అన్నాను. "ఇంకా కాగలే."